పొయ్యి ఎగదోయడం గురించి: బొగ్గు బాయిలర్ల యజమానులకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లో బొగ్గు బాయిలర్లు నడుపుతున్న కాగితం మిల్లుల, నూనె మిల్లుల, మందుల ఫ్యాక్టరీల, అద్దకం యూనిట్ల యజమానులకు నమస్కారం.

నేను 31 ఏళ్లు బాయిలర్ ముందు పనిచేసినవాణ్ణి. పారతో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేరి, మొదటి తరగతి అటెండెంటు పరీక్ష పాసై, షిఫ్టు ఇన్‌చార్జిగా రిటైరయ్యాను. ఇప్పుడు ఎవరైనా పిలిస్తే వెళ్లి వాళ్ల బాయిలర్ చూసి, నాకు తోచింది చెప్పి వస్తుంటాను. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పిన మాటే పదేపదే చెప్పాల్సి వస్తోంది కాబట్టి, అందరికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయిన వానాకాలం ఒక మిల్లుకు వెళ్లాను. యజమాని మర్యాదస్థుడు. చల్లటి గదిలో కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, కొత్తగా పెట్టించిన కంప్యూటర్ తెర చూపించారు. పొగలో ఆక్సిజన్ ఎంత, ఆవిరి గంటకు ఎన్ని టన్నులు, పొగగొట్టంలో వేడి ఎంత, అన్నీ రంగురంగుల గీతల్లో కదులుతున్నాయి. ఆక్సిజన్ గీత రంపపు పళ్లలా ఉంది. ఉన్నట్టుండి 14 శాతానికి ఎక్కుతుంది, మళ్లీ 5కు పడిపోతుంది. 'బొగ్గు బాగాలేదండీ, సరఫరా చేసేవాడు మోసం చేస్తున్నాడు' అన్నారాయన. అదే సమయంలో కింద నుంచి దణ్ దణ్‌మని చప్పుడు. అదేమిటని అడిగాను. 'ఏమీ లేదు, హాపర్‌లో బొగ్గు పట్టేసింది, కుర్రాడు కొడుతున్నాడు' అన్నారు.

కిందికి దిగి చూశాను. హాపర్ అంటే బొగ్గును మంట మీదికి దించే గరాటు లాంటి రేకు తొట్టి. హాపర్ రేకు మొత్తం సొట్టలు పడ్డ పాత సత్తు గిన్నెలా ఉంది. పాత సొట్టల మీద కొత్త సొట్టలు. ఇరవై ఏళ్లు దాటని కుర్రాడు సమ్మెటతో కొడుతున్నాడు. రోజుకు ఎన్నిసార్లు కొడతావని అడిగితే, 'లెక్క పెట్టలేదు సార్, వానలప్పుడు గంటకు రెండు మూడు సార్లు' అన్నాడు. నేను చేతి గడియారం చూసుకుంటూ అక్కడే గంటన్నర నిలబడి, మళ్లీ పైకి వెళ్లి తెర మీద ఆ గంటన్నర గీత చూపించమన్నాను. బొగ్గు పట్టేసిన ప్రతిసారీ గ్రేటు, అంటే బొగ్గును మోస్తూ కదిలే ఇనుప పలకల వరస, ఖాళీగా నడిచింది, గాలి ఊరికే పైకి పోయింది, ఆక్సిజన్ ఎక్కింది. సమ్మెట దెబ్బకు బొగ్గు ఒక్కసారిగా కూలిన ప్రతిసారీ మంట ఉక్కిరిబిక్కిరై ఆక్సిజన్ పడిపోయింది. ఆ యంత్రం కుర్రాడి సమ్మెట దెబ్బలను పొల్లుపోకుండా రాసిపెడుతూనే ఉంది. చదివేవాళ్లే లేరు.

మీకు నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. బొగ్గు కుప్పకూ మంటకూ మధ్య ఉన్న నాలుగైదు మీటర్ల దారిని బాగుచేయకుండా బాయిలర్ మీద పెట్టే డబ్బు చాలావరకు వృథా.

మా అమ్మ కట్టెల పొయ్యి మీద వండేది. కట్టెను పొయ్యిలోకి పూర్తిగా దూర్చేది కాదు. కొస మాత్రమే మంటలో ఉండేది, మిగతాది బయట. కాలిన కొద్దీ అరచేత్తో కాస్త లోపలికి నెట్టేది. దాన్నే ఎగదోయడం అంటారు. కట్టెలన్నీ ఒకేసారి కూరితే ఏమవుతుందో పొయ్యి వెలిగించినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ముందు ఇల్లంతా పొగ, కాసేపటికి మంట భగ్గుమని లేచి అన్నం అడుగంటుతుంది. కట్టె అదే, పొయ్యి అదే. తేడా అంతా ఎగదోసే చేతిలో ఉంది.

పారతో బొగ్గు వేసే బాయిలర్‌ది ఆ కూరే పద్ధతి. తలుపు తీసిన ప్రతిసారీ చల్లగాలి లోపలికి దూసుకుపోతుంది. కొత్త బొగ్గు వేడెక్కి గ్యాసు వదిలే ఆ రెండు మూడు నిమిషాలే దానికి గాలీ వేడీ బాగా కావాలి. సరిగ్గా అప్పుడే అవి అందవు. అందుకే నల్లటి పొగ. మా రోజుల్లో గేటు దగ్గర టీ తాగుతూ పొగగొట్టం చూసి, లోపల తలుపు ఎప్పుడు తీశారో చెప్పేవాళ్లం. ఈ తిప్పలు ఇవాళ్టివి కావు. జేమ్స్ వాట్ 1785లోనే పొగను తినే పొయ్యికి పేటెంటు తీసుకున్నాడు. కొత్త బొగ్గు నుంచి వచ్చే పొగ, ఎర్రగా కాలుతున్న బొగ్గు మీదుగా పోతూ కాలిపోవాలన్నది ఆయన ఆలోచన. 1841లో ఇంగ్లండులోనే జాన్ జ్యూక్స్ చెయిన్ గ్రేటుకు పేటెంటు తీసుకున్నాడు. ఈనాడు మీ ఫ్యాక్టరీలో నడుస్తున్నది ఆ వంశానిదే. ఇనుప పలకల గొలుసు మెల్లగా నడుస్తుంది. హాపర్ నుంచి బొగ్గు దాని మీద పరుపులా పడుతుంది. ముందున్న గేటు ఆ పరుపు మందాన్ని నిర్ణయిస్తుంది. పైనున్న ఇటుకల కమాను వేడికి బొగ్గు పైనుంచి అంటుకుని, వెనక్కి నడుస్తూ కిందిదాకా కాలి, చివర బూడిదై రాలిపోతుంది. మా అమ్మ చెయ్యి చేసిన పనినే ఇక్కడ గొలుసు చేస్తోంది.

చెయ్యికీ గొలుసుకూ ఒక తేడా ఉంది. చెయ్యి మంటను చూసి నెడుతుంది. గొలుసు చూడదు.

చూడకపోవడం వల్ల ఏమవుతుందో మొదట బొగ్గు పడే చోట చూడండి. కళ్లంలో ధాన్యం రాశి పోసినప్పుడు గమనించారా? బరువైన గింజ జారి అంచులకు చేరుతుంది, తాలూ దుమ్మూ నడుమ నిలుస్తాయి. బెల్టు చివర నుంచి హాపర్ నడిమధ్యలో ఒకే చోట బొగ్గు పడితే అక్కడా అదే జరుగుతుంది. పెద్ద ముక్కలు దొర్లి రెండు పక్కలకు పోతాయి, నుసి మధ్యలో ఉండిపోతుంది. అదే అమరికతో గ్రేటు మీదికి వస్తుంది. పక్కల ముక్కల మధ్య సందులుంటాయి కాబట్టి గాలి అటే పోతుంది, అక్కడ బొగ్గు త్వరగా కాలి గ్రేటు బోసిపోతుంది. నడుమ నుసిలోంచి గాలి దూరలేదు, అది సగం కాలి అలాగే బూడిద గుంటలో పడుతుంది. ఫ్యాను గాలి పెంచితే ఆ గాలి కూడా బోసిపోయిన పక్కల నుంచే పోతుంది, మధ్య బొగ్గుకు అందదు. వెనక వైపు చూపుడు రంధ్రం దగ్గర నీలి అద్దం పెట్టుకుని చూడండి. మంట చివరి అంచు గ్రేటుకు అడ్డంగా గీత గీసినట్టు ఉండాలి. నాలుకలా మధ్యలో పొడుచుకొచ్చి కనిపిస్తే మీ హాపర్‌లో బొగ్గు వేరుపడుతోందని అర్థం. నేను చూసిన బాయిలర్లలో ఈ నాలుక కనిపించని వాటిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. బొగ్గు పడే గొట్టం హాపర్ వెడల్పంతా అటూ ఇటూ కదులుతూ పోసేలా చేయాలి. అది కుదరకపోతే గొట్టం చివర చేపతోకలా విప్పారే రేకు పెట్టి, లోపల పలకలతో పాయలుగా విడదీసినా చాలా మేలు. స్థానిక వెల్డింగ్ షాపులో అయ్యే పని. కానీ బాయిలర్ అమ్మినవాళ్లు హాపర్ వరకే చూస్తారు, బెల్టు కట్టినవాళ్లు బెల్టు చివరి వరకే చూస్తారు. ఈ రెంటి మధ్యనున్న మీటరు దూరం ఎవరి కాగితంలోనూ ఉండదు.

ఇంతా చేసి నష్టమెంత అంటారా? పలక మీద వేయదగ్గ లెక్కే. మన సింగరేణి బొగ్గులో బూడిద 30 శాతానికి పైగా ఉండటం మామూలే. 100 కిలోల బొగ్గులో 35 కిలోల బూడిద అనుకుందాం, బొగ్గు కిలోకు 4,000 కిలోక్యాలరీలు అనుకుందాం. గ్రేటు చివర రాలే బూడిదను పరీక్షిస్తే అందులో 15 శాతం కాలని కర్బనం తేలిందనుకోండి. అంటే 35 కిలోల అసలు బూడిద వెంట ఆరు కిలోలకు పైగా కర్బనం బయటికి పోయింది. కిలో కర్బనంలో సుమారు 8,000 కిలోక్యాలరీలు. మొత్తం వేడిలో 12 శాతం బూడిద గుంట పాలు. అదే కర్బనాన్ని 5 శాతానికి తెస్తే నష్టం 4 శాతం లోపే. గంటకు 10 టన్నుల ఆవిరి ఇచ్చే బాయిలర్ నిండుగా నడిస్తే రోజుకు 50 టన్నుల దరిదాపుల్లో బొగ్గు తింటుంది. ఆ రెంటి మధ్య తేడా రోజుకు నాలుగు టన్నులు. బూడిదంతా గ్రేటు చివరే పడుతుందనుకుని వేసిన లెక్క ఇది. కొంత పొగవెంట పోతుంది కాబట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. మూడు టన్నులే అనుకోండి. మీ ఊరి రేటుతో మీరే గుణించుకోండి. బూడిద పరీక్షకు పెద్ద ల్యాబు కూడా అక్కర్లేదు, బొగ్గు నాణ్యత చూసే ఏ పరీక్షశాలైనా చేస్తుంది. నమూనా మాత్రం ఎడమ, మధ్య, కుడి మూడు చోట్లా విడివిడిగా తీయండి. మూడూ కలిపితే రోగం దాగిపోతుంది.

బొగ్గు సైజు దగ్గర మరో పొరపాటు జరుగుతోంది. ఫ్యాను గాలితో నడిచే చెయిన్ గ్రేటుకు 15 నుంచి 25 మిల్లీమీటర్ల ముక్క కావాలని, ఇంధన పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ శిక్షణ పుస్తకాల్లోనే ఉంది. ఇసుక పరుపును కింది నుంచి గాలితో తేలించి అందులో బొగ్గు కాల్చే ఫ్లూయిడైజ్డ్ బెడ్ బాయిలరైతే 10 మిల్లీమీటర్ల లోపు. మరి మీ యార్డులో? గుమ్మడికాయంత గడ్డల నుంచి విభూతి లాంటి నుసి దాకా ఒకే కుప్ప. గడ్డలు పగలగొట్టేందుకు క్రషర్ ఉంటుంది, మంచిదే. కానీ ముందు జల్లెడ పెట్టకుండా మొత్తం బొగ్గును క్రషర్‌లో పోస్తారు. అప్పటికే చిన్నగా ఉన్నది మరింత నలిగి నుసవుతుంది. ముందు జల్లెడ పట్టి, మిగిలిన గడ్డలనే క్రషర్‌కు పంపమని ఎన్ని చోట్ల చెప్పానో. బియ్యంలో నూకలు ఎలా పెరుగుతాయో తెలిసిన మిల్లు యజమానులే బొగ్గు విషయంలో ఆ మాట మరిచిపోతారు.

నుసి ఎలాగూ కొంత ఉంటుంది. దానికి పాత ఉపాయం నీళ్లు చల్లడం. తడి పట్టిన నుసి ముక్కలకు అంటుకుని, గాలికి ఎగరకుండా, గ్రేటు సందుల్లోంచి జారకుండా ఉంటుంది. ఇదీ పుస్తకాల్లో కొలతతో సహా ఉంది. నుసి 10 నుంచి 15 శాతం ఉంటే పైతడి 4 నుంచి 5 శాతం, నుసి 25 నుంచి 30 శాతానికి చేరితే తడి 7 నుంచి 8 శాతం. మా దగ్గర ఒక పెద్దాయన ఉండేవాడు. పుస్తకం చూసినవాడు కాదు. పిడికెడు బొగ్గు తీసి గట్టిగా పిసికి వదిలేవాడు. ఉండ నిలిచి, వేలితో తాకితే విరిగిపోవాలి. విరగకపోతే నీళ్లు ఎక్కువ, అసలు ఉండే కాకపోతే తక్కువ. ఆయన ఉన్న షిఫ్టులో బూడిద తెల్లగా వచ్చేది. ఎక్కువ చల్లితే మాత్రం నష్టమే, ప్రతి కిలో నీరూ ఆవిరై పోవడానికి దాదాపు 600 కిలోక్యాలరీలు తింటుంది.

వానాకాలం కథ పూర్తిగా వేరు. అప్పుడు చల్లడం కాదు, బొగ్గును తడవకుండా కాపాడటమే పని. కనీసం వారానికి సరిపడా బొగ్గుకు రేకుల షెడ్డు ఉండాలి. తడిసిన నుసి హాపర్‌లో రెండు రకాలుగా మొండికేస్తుంది. ఒకటి, మూతి దగ్గర కమాను కట్టినట్టు నిలిచిపోతుంది. రెండోది, మధ్యలో పుట్టలో బొక్క పడినట్టు పడి, ఆ బొక్కలోంచి మాత్రమే జారుతుంది, చుట్టూ ఉన్నది గోడకు అతుక్కుని కదలదు. అప్పుడు సమ్మెట వస్తుంది. సమ్మెట దెబ్బకు రేకు సొట్ట పడుతుంది, సొట్టలో బొగ్గు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఈసారి ఇంకా గట్టిగా కొట్టాలి. కొందరు వైబ్రేటర్ బిగిస్తారు. మూతి తెరుచుకుని బొగ్గు కదులుతున్నప్పుడు అది పనికొస్తుంది. మూసుకుపోయాక ఆన్ చేస్తే, శేరుతో బియ్యం కొలిచేవాడు కుదిపి కుదిపి నింపినట్టు బొగ్గు ఇంకా బిగుసుకుపోతుంది. హాపర్ గోడలు 65, 70 డిగ్రీల వాలులో నిటారుగా ఉండాలి, మూలలు గుండ్రంగా ఉండాలి, లోపల నున్నటి స్టెయిన్‌లెస్ స్టీలు రేకు పరవాలి, మూతి వెడల్పుగా ఉండాలి. ఎత్తు తక్కువని, షెడ్డు కప్పు అడ్డమొస్తోందని గోడలు పడుకోబెట్టి కట్టిన హాపర్‌కు జీవితాంతం సమ్మెట కూలీ చెల్లించాల్సిందే.

గేటు గురించి కొంచెం. గేటు 12 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్నచోట ఒక్క సెంటీమీటరు లేస్తే బొగ్గు 8 శాతం పెరుగుతుంది. వేడికి వంగిన గేట్లు ఎడమ పక్క 11, కుడి పక్క 14 ఉన్నవి నేను చూశాను. ఆపరేటర్‌ను అడిగితే గేజి మీద 12 అని చూపించాడు, పాపం అతనికి కనిపించేది అదే. బాయిలర్ ఆపినప్పుడల్లా రెండు వైపులా, మధ్యలో స్కేలు పెట్టి కొలవండి. ఇంకో సంగతి, ఆవిరి వాడకం పెరిగిందని గేటు ఎత్తడం, తగ్గిందని దించడం మంచి అలవాటు కాదు. గేటు ఎత్తు బొగ్గు రకాన్ని బట్టి ఉండాలి. వాడకం హెచ్చుతగ్గులకు గ్రేటు వేగం మార్చాలి, దాంతోపాటే గాలి మార్చాలి. గొలుసు వేగం పెంచి గాలి మరిచిపోతే కాలని బొగ్గు, గాలి పెంచి వేగం మరిచిపోతే బోసి గ్రేటు. ఇప్పుడు మోటార్ల వేగాన్ని మార్చే డ్రైవులు అందుబాటు ధరల్లోనే దొరుకుతున్నాయి. గ్రేటు మోటారుకూ ఫ్యానుకూ రెంటికీ పెట్టి, ఆవిరి ఒత్తిడిని బట్టి కలిసి నడిచేలా చేయిస్తే ఆ తెర మీద పెట్టిన ఖర్చుకు అర్థం ఉంటుంది. అంతకుముందు హాపర్ బాగుచేయాలి. పట్టేసే హాపర్ కింద డ్రైవు పెట్టడమంటే కుంటి ఎద్దుకు కొత్త గంటలు కట్టడమే.

ఫ్లూయిడైజ్డ్ బెడ్ బాయిలర్లవాళ్లు ఇదంతా తమకు కాదనుకుంటారేమో. హాపర్ కింద మర తిరుగుతూ బొగ్గును ముందుకు నెట్టే మీ స్క్రూ ఫీడర్ చూడండి. స్క్రూ మరల మధ్య దూరం మొదటి నుంచి చివరి వరకు ఒకే తీరుగా ఉంటే, హాపర్ వెనక అంచు దగ్గరున్న మొదటి రెండు మూడు మరలే బొగ్గుతో నిండిపోతాయి. ముందుకు వచ్చేసరికి వాటిలో చోటే ఉండదు. కాబట్టి హాపర్ ముందు భాగంలో ఉన్న బొగ్గు దిగదు. పైనుంచి చూస్తే ఒక మూల గొయ్యి పడి, మిగతాదంతా కొండలా నిలిచి ఉంటుంది. అలా రోజులూ వారాలూ కదలకుండా ఉన్న బొగ్గు తనంతట తానే వేడెక్కుతుంది, ఒక్కోసారి రాజుకుంటుంది కూడా. మరల దూరం ముందుకు వెళ్లే కొద్దీ పెరిగేలా చేసిన స్క్రూ వేస్తే హాపర్ వెడల్పంతా సమంగా దిగుతుంది. ఇక ఈ బాయిలర్లలో ఇసుక పరుపు 850 డిగ్రీల చుట్టుపక్కల ఉండాలి. ఫీడర్ పట్టేసి, తర్వాత ఒక్కసారిగా బొగ్గు కుమ్మరిస్తే వేడి ఆ హద్దు దాటి, బూడిద మెత్తబడి, ఇసుకంతా చిట్టెం కట్టి బండవుతుంది. చల్లారే వరకు ఆగి, గునపాలతో పగలగొట్టి బయటికి తీయాలి. ఆ పని చేసినవాడు జన్మలో మరిచిపోడు. నేను మూడుసార్లు చేశాను.

ఒక చిన్న పిన్ను గురించి చెప్పాలి. ఫీడర్ గొలుసుచక్రం దగ్గర మెత్తటి ఇనుముతో చేసిన షియర్ పిన్ ఉంటుంది. రాయో ఇనుప ముక్కో ఇరుక్కుంటే ముందు అది విరిగి, మిగతా యంత్రాన్ని కాపాడుతుంది. ఒకచోట ఆ పిన్ను వారానికి రెండుసార్లు విరుగుతోందని విసుగెత్తి, ఫిట్టర్ దాని స్థానంలో గట్టి బోల్టు బిగించాడు. అందరూ మెచ్చుకున్నారు. నెల తిరక్కుండా బొగ్గులో వచ్చిన జానెడు ఇనుప కడ్డీ ఇరుక్కుని గేర్‌బాక్సు పళ్లన్నీ రాలిపోయాయి. నాలుగు రోజులు ఫ్యాక్టరీ ఆగింది. ఆ పిన్ను విరిగినప్పుడల్లా బొగ్గులో ఇనుము వస్తోందని చెబుతోంది. బెల్టు మీద ఒక అయస్కాంతం వేలాడదీస్తే సరిపోయేది.

ప్రాణాల సంగతికి వస్తే మొహమాటం లేకుండా రాస్తాను. పొగ లాగే ఫ్యాను ఆగిపోతే ఫీడరూ గాలి ఫ్యానూ వెంటనే వాటంతట అవే ఆగాలి. లేకపోతే కొలిమిలో ఒత్తిడి తిరగబడి మంట హాపర్ నుంచీ తలుపు నుంచీ ఎదురు తంతుంది. నా ఎడమ మోచేతి కింద చర్మం ఇప్పటికీ ముడతలు పడి ఉండటానికి కారణం అదే. డ్రమ్ములో నీళ్లు తగ్గినా ఫీడర్ ఆగాలి. అయితే గ్యాసు బాయిలర్ మాదిరి మీట నొక్కగానే మంట ఆరదు. గ్రేటు మీద వందల కిలోల బొగ్గు ఎర్రగా కాలుతూనే ఉంటుంది. కాబట్టి నీళ్ల పంపుకు రెండో కరెంటు దారి ఉండి తీరాలి. కరెంటు పోయి గ్రేటు ఆగితే మంట మెల్లగా వెనక్కి పాకి గేటు కింద నుంచి హాపర్‌లోకి చేరుతుంది. అందుకే గ్రేటును చేత్తో తిప్పడానికి ఒక హ్యాండిల్ ఇస్తారు. ఏ బాయిలర్ దగ్గరికి వెళ్లినా నేను ముందు అడిగేది ఆ హ్యాండిల్ ఎక్కడుందని. సగం చోట్ల వెతుకులాట మొదలవుతుంది. ఒకచోట అది స్టోరు గది తలుపుకు అడ్డుగా పెట్టి ఉంది.

ఇలా ఏదైనా తేడా వస్తే ఫీడర్‌ను దానంతట అదే ఆపేసే ఏర్పాట్లను ఇంటర్‌లాకులు అంటారు. అవి తీసేసిన చోట్లా చూశాను. ఎందుకు తీశారని కోప్పడితే ఫైర్‌మన్ చెప్పిన జవాబు నన్ను నోరెత్తనివ్వలేదు. హాపర్ తలుపు తెరిస్తే ఫీడర్ ఆగుతుంది. బొగ్గు పట్టేసినప్పుడల్లా తలుపు తెరిచి ఊచతో పొడవాలి. గంటకు మూడుసార్లు ఫీడర్ ఆగితే ఆవిరి పడిపోయి పైనుంచి తిట్లు. అందుకని స్విచ్చికి తీగ చుట్టేశాడు. తప్పే. ఆ తప్పుకు మొదటి కారణం మాత్రం హాపర్.

చేత్తో బొగ్గు వేసే చిన్న బాయిలర్లవాళ్లకు రెండు మాటలు. యంత్రం కొనే స్తోమత వచ్చేదాకా కొద్దికొద్దిగా, తరచుగా, ఒకసారి ఎడమ సగం, ఒకసారి కుడి సగం వేయించండి. ఒక పక్క ఎర్రగా ఉంటే రెండో పక్క పొగను అది కాల్చేస్తుంది. కొనేటప్పుడు ఇంటర్నెట్‌లో విదేశీ బొమ్మలు చూసి కింది నుంచి బొగ్గు నెట్టే అండర్‌ఫీడ్ స్టోకర్ తెప్పించుకోవద్దు. పొగ తక్కువే, యంత్రం ముచ్చటగానే ఉంటుంది. కానీ అది బూడిద తక్కువున్న బొగ్గు కోసం పుట్టింది, మన బొగ్గు వేస్తే చిట్టెంతో కుత్తుకదాకా నిండిపోతుంది.

ఏటా బాయిలర్ల తనిఖీ జరుగుతుంది కదా, అందులో ఇవన్నీ బయటపడవా అని మీరు అనవచ్చు. 1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. పాతదైనా కొత్తదైనా దాని ప్రధాన దృష్టి బాయిలర్ పేలకుండా చూడటం మీదే: డ్రమ్ములు, ట్యూబులు, సేఫ్టీ వాల్వులు, నీటి ఒత్తిడి పరీక్ష. అది సరైనదే. మీ హాపర్ వాలు, మీ గేటు వంకర ఆ సర్టిఫికెట్‌లో ఉండవు. అది మీ సొంత బాధ్యత. గోడకు ఫ్రేము కట్టించి తగిలించిన సర్టిఫికెట్ చూపించి, 'మా బాయిలర్‌కు ఏ లోపం లేదు' అనవద్దని మనవి.

ఇక నన్ను బాధపెట్టే విషయం. యంత్రంతో బొగ్గు వేయించాలని మీరు అనుకున్న ప్రతిచోటా మొదటి లెక్క ఎంతమంది మనుషులు తగ్గుతారన్నదే. షిఫ్టుకు నలుగురున్న చోట ఒక్కరిని ఉంచుతారు. ఆ ఒక్కరూ బొగ్గు పైకి పంపాలి, బూడిద లాగాలి, నీటి మట్టం చూడాలి, హాపర్ కొట్టాలి. చూపుడు రంధ్రం దగ్గర నిలబడి మంట చూసే తీరిక అతనికి ఎక్కడిది? గొలుసుకు కళ్లు లేవని ముందే రాశాను. ఆ కళ్లు అతనివే కావాలి. షిఫ్టుకు ఇద్దరిని ఉంచి, ఒకరి పని మంటనూ బూడిదనూ చూడటమేనని తేల్చి చెప్పండి. ఆ రెండో మనిషి జీతం పైన వేసిన లెక్కలో రోజుకు ఎన్ని కిలోల బొగ్గు అవుతుందో చూసుకోండి. పార పట్టినవాడికి గొలుసు నడపడం రాదనుకోవద్దు. ఎక్కడ బొగ్గు పలచగా పడిందో, ఎక్కడ గాలి కన్నం పడిందో మంట రంగును బట్టి చెప్పగలిగేది అతనే. ఆరు నెలల ట్రైనింగుతో రాని చూపు అది.

ఆ వానాకాలం మిల్లు సంగతి చెప్పి ఆపుతాను. తెర మీద రంపపు పళ్లు చూశాక యజమాని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కుర్రాణ్ణి పైకి పిలిపించారు. ఏడాదిన్నరగా పనిచేస్తున్నా అతను ఆ గదిలోకి రావడం అదే మొదటిసారట. చెప్పులు బయట విడిచి వచ్చాడు. గీత చూపించి, ఇవి నువ్వు కొట్టిన దెబ్బలని చెబితే, తెర దగ్గరికి వంగి చూసి, 'ఇక్కడ రెండు దెబ్బలు తగ్గాయి సార్, అప్పుడు టీకి వెళ్లాను' అన్నాడు. హాపర్ దీపావళి సెలవుల్లో మార్చారు. గోడలు నిటారుగా లేపి, లోపల స్టీలు రేకు పరిచి, పైన చేపతోక గొట్టం పెట్టారు. మొన్న ఫోను చేస్తే సమ్మెట స్టోరులో వాపసు ఇచ్చేశామని చెప్పారు.

మీరు పిలిస్తే మీ దగ్గరికీ వస్తాను. కారు పంపనక్కర్లేదు, బస్సులో వస్తాను. నేను వచ్చేటప్పటికి రాత్రి షిఫ్టు మనిషిని ఇంటికి పంపేయకుండా కాసేపు ఆపి ఉంచండి. మీకంటే ముందు అతనితో మాట్లాడాలి.

ఇట్లు,
31 ఏళ్లు మంట చూసిన ఒక ఫైర్‌మన్